నాన్నగారికి కంప్యూటర్ నేర్పడం నా వల్ల కావడం లేదు, ఎవరైనా దారి చెప్పండి

గాలిపటం
నాన్నగారికి 74. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు, రిజిస్టర్లే గానీ కంప్యూటర్ జోలికి పోలేదు. ఇప్పుడు ఆయనే అడిగి మరీ కొనిపించుకున్నారు. డెస్క్‌టాప్, విండోస్ 11, పెద్ద స్క్రీన్. నిన్న చెప్పింది ఇవాళ ఉండదు, అదీ సమస్య. మెయిల్ తెరవడం చూపిస్తే తల ఊపుతారు, మర్నాడు మళ్లీ "ఎక్కడ నొక్కాలన్నావు?" అంటారు. డబుల్ క్లిక్ అసలు కుదరడం లేదు. తెరుచుకోవాల్సిన ఐకాన్ పక్కకు జరిగిపోతుంది, లేకపోతే పేరు మార్చమని డబ్బా చూపిస్తుంది. నాకు విసుగు, ఆయనకు కోపం, మధ్యలో అమ్మకి టెన్షన్. వయసు వల్ల ఇంతేనా, నేర్పే పద్ధతి ఏమైనా ఉందా?

ఎలుకబోను
మౌస్ ఎవరి చేతిలో ఉంటోంది?

గాలిపటం
మొదట ఆయన చేతిలోనే. కుదరకపోతే నేను తీసుకుని చూపిస్తాను. అలా చూపించకపోతే ఒక్క మెయిల్ తెరిచేసరికి సాయంత్రం అవుతుంది.

ఎలుకబోను
అవనివ్వండి. మీరు చేసి చూపిస్తే చూసేది ఆయన కన్ను. మర్నాడు చేయాల్సింది ఆయన చెయ్యి. మీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చోండి, నోటితోనే చెప్పండి.

నిద్రలేని_రాత్రులు
మౌస్ గురించి సలహా ఇవ్వడానికి ఇంతకంటే తగిన పేరున్నవాళ్లు ఈ వేదికలో లేరు 😄

కీబోర్డు_కిట్టయ్య
పద్ధతి సంగతి తర్వాత. ముందు ఆ మిషన్‌ని ఆయనకు తగ్గట్టు సర్దారా? కొన్నప్పుడు ఉండే సెట్టింగ్స్ వయసులో ఉన్నవాళ్ల చేతికీ కంటికీ సరిపోయేవి.

రెండు క్లిక్కుల మధ్య విండోస్ అర సెకను వరకే చూస్తుంది, అంటే 500 మిల్లీసెకన్లు. దాన్ని 900 దాకా పెంచొచ్చు. సెట్టింగ్స్‌లో మౌస్ పేజీకి వెళ్లి, అదనపు మౌస్ సెట్టింగ్స్ తెరిస్తే మొదటి పేజీలోనే డబుల్ క్లిక్ వేగం గీత ఉంటుంది. నిదానం వైపు లాగండి. అప్పటికీ కుదరకపోతే డబుల్ క్లిక్‌నే తీసేయండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఒక్క క్లిక్‌తో తెరుచుకునే ఏర్పాటు ఉంది. అదీ వద్దనుకుంటే ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి, పనైపోతుంది.

ఐకాన్ పక్కకు జరుగుతోందంటే రెండు క్లిక్కుల మధ్య చెయ్యి కదులుతోందన్నమాట. పాయింటర్ వేగం తగ్గించండి. యాక్సెసిబిలిటీలో బాణం గుర్తు సైజు పెంచి రంగు మార్చండి. తెల్ల పేజీ మీద తెల్ల బాణం వెతుక్కోవడం మనకే కష్టం. కంట్రోల్ కీ నొక్కినప్పుడు బాణం చుట్టూ వలయాలు వచ్చి అది ఎక్కడుందో చూపించే ఆప్షన్ కూడా ఉంది, టిక్ పెట్టండి. కీ మీద వేలు ఆగిపోయి "ననననన" అని పడుతుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టికీ కీస్ డబ్బాని మాత్రం ఆపేయండి, అది చూసి కంగారుపడనివాళ్లు లేరు.

చుక్కలముగ్గు
కిట్టయ్యగారు చెప్పినవాటికి ఇంకొకటి. స్క్రీన్ స్కేల్ 125 శాతం గానీ 150 శాతం గానీ పెట్టండి. తెలుగు చదివేవాళ్లకైతే తప్పనిసరి. ఇంగ్లీషు అక్షరం చిన్నగా ఉన్నా ఆనవాలు పడుతుంది గానీ, మన వత్తులూ గుణింతాలూ అదే సైజులో చుక్కలైపోతాయి. బ్రౌజర్‌లో కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే అక్షరం పెద్దదవుతుంది, కంట్రోల్ సున్నాతో మామూలుగా వస్తుంది. మా మామగారు మొట్టమొదట నేర్చుకున్నది ఇదే. పేపర్‌ని దూరం జరిపి, కళ్లు చికిలించి చదవడం తప్పిందని ఆయనకు ఎంత సంబరమో.

ట్యాబ్లెట్_టక్కరి
ఇంత తిప్పలెందుకు? ఒక ట్యాబ్లెట్ ఇస్తే మౌస్ లేదు, డబుల్ క్లిక్ లేదు. వేలు పెడితే చాలు.

ఎలుకబోను
వేలు పెడితే చాలదు, అది పలకాలి కూడా. వయసు మీద పడ్డాక వేళ్ల చివర చర్మం పొడిబారుతుంది. ఆ స్క్రీన్లు వేలిలోని విద్యుత్ ప్రభావం మీదే పనిచేస్తాయి, పొడి వేలిని ఒక్కోసారి పట్టించుకోవు. దాంతో ఇంకా గట్టిగా నొక్కుతారు. గట్టిగా నొక్కి ఉంచితే ఇంకేదో మెనూ వస్తుంది. చెయ్యి వణికేవాళ్లకు మరీ ఇబ్బంది.

ట్యాబ్లెట్_టక్కరి
అందరికీ అలా ఉండదు కదండీ. మా అమ్మమ్మ హాయిగా వీడియో కాల్స్ చేసుకుంటోంది.

చుక్కలముగ్గు
వీడియో కాల్‌కి ట్యాబ్లెటే మేలు, వాదన లేదు. కానీ గాలిపటంగారి నాన్నగారు కంప్యూటర్ కావాలని అడిగారు. ఎందుకు అడిగారో ఇంతవరకు ఎవరూ కనుక్కోలేదు.

రిటైర్డ్_టైపిస్టు
నాకు 72. పైన "వయసు మీద పడ్డాక" అని రాస్తున్నారే, ఆ బాపతు మనిషిని. కనుక రెండు ముక్కలు అవతలి పక్షం నుంచి.

మొదటిది, మాకు ఏమీ తెలియదనుకుని మొదలుపెట్టకండి. కీబోర్డు నాకు కొత్త కాదు, టైపు మిషన్ మీదే జీవితం గడిచింది. షిఫ్ట్ కీ 1878 నుంచీ ఉన్నదే. కంట్రోల్, ఆల్ట్ మాత్రమే మాకు కొత్త చుట్టాలు. తెలిసినవాడికి వచ్చే ఇబ్బందులు వేరుగా ఉంటాయి. వరుస చివర బెల్లు మోగితే క్యారేజ్ తోయడం మా చేతికి పట్టిన అలవాటు. కాబట్టి మా బ్యాచ్‌లో చాలామంది ప్రతి వరుసకీ ఎంటర్ కొడతారు. తర్వాత అక్షరం సైజు మారిస్తే ఉత్తరమంతా ముక్కలు ముక్కలు. ఇంకో సంగతి, పాత ఇంగ్లీషు మిషన్లు చాలావాటిలో 1 అంకెకు కీ ఉండేది కాదు. చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టేవాళ్లం. నా స్నేహితుడొకాయన ఫోన్ నంబరు అలాగే కొడితే వెబ్‌సైట్ తప్పంటుంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన కొడుకు ఇంటర్నెట్‌ని తిట్టాడు, కోడలు కీబోర్డు మార్చమంది. ఇంకో పాత టైపిస్టు వచ్చి వేళ్లు చూస్తే గానీ తేలలేదు.

రెండోది. "నిన్ననే చెప్పాను కదా" అనే మాట మా వయసువాళ్లతో అనకండి. ఆ మాట విన్నాక మళ్లీ అడగాలనిపించదు. అడగడం మానేశాక నేర్చుకోవడమూ అంతటితో సరి.

గాలిపటంగారూ, మెయిల్ కావాలని మీ నాన్నగారు అడిగారా, మీరు అనుకున్నారా?

నిద్రలేని_రాత్రులు
ఎల్ అక్షరం సంగతి అదిరింది సార్. నేను కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తాను. ఈ కోణం ఇన్నాళ్లూ తెలియక ఎంతమందిని "మళ్లీ ప్రయత్నించండి" అని పంపేశానో!

గాలిపటం
ఆయన అడిగింది వేరే. తన చిన్నప్పటి సంగతులు తెలుగులో టైపు చేసి పెట్టుకోవాలట. దానికి ముందు బేసిక్స్ రావాలి కదా అని మౌస్, ఫోల్డర్లు, మెయిల్ వరుసగా చెబుతున్నాను.

రిటైర్డ్_టైపిస్టు
బేసిక్స్ ఆయనకెందుకు నాయనా? ఒక ఖాళీ పేజీ తెరిచిచ్చి కూర్చోబెట్టు. సేవ్ చేయాల్సి వచ్చినప్పుడు ఫోల్డర్ అంటే ఏమిటో ఆయనే అడుగుతారు.

సున్నా_ఒకటి
తెలుగు టైపింగ్ అంటే నేనొచ్చేశా. 2019 మే విండోస్ అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే వస్తోంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, అందులో ఫొనెటిక్ ఎంచుకోండి. తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య మారడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కాలి. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ వస్తుంది.

పాతసంచిక
ఫొనెటిక్ వద్దు, ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరమే ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్పండి. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కకి షిఫ్ట్ పడితే ఖ, గకి షిఫ్ట్ పడితే ఘ. ఓనమాలు దిద్దినవాళ్లకు ఆ లెక్క ఇట్టే పడుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ మీదుగా తెలుగు రాయడం ఏం ఖర్మ?

సున్నా_ఒకటి
కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఉండవు కదండీ. మొదటి వారంలో ఏ కీ ఎక్కడుందో వెతుక్కుంటూనే నీరసం వస్తుంది.

పాతసంచిక
స్టిక్కర్లు అంటించండి. లేదా కీబోర్డు పటం ప్రింటు తీసి స్క్రీన్ కింద పెట్టండి. మా పిన్ని ఇంగ్లీషు మాధ్యమం చదవలేదు, ఆమెకు ఫొనెటిక్ నరకం. శ కి ఏది, ష కి ఏది, ణ కి పెద్ద ఎన్నా చిన్న ఎన్నా అని తల పట్టుకునేది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ గోల లేదు. ఇప్పుడు నాకంటే వేగంగా కొడుతుంది.

రిటైర్డ్_టైపిస్టు
ఇద్దరి మాటా నిజమే. ఇంగ్లీషు కీబోర్డు చేతికి అలవాటున్నవాళ్లకు ఫొనెటిక్, లేనివాళ్లకు ఇన్‌స్క్రిప్ట్. మీ నాన్నగారి చేత రెండూ ఓ గంట కొట్టించి చూడండి, ఆయనే చెబుతారు.

మేడమీద_గది
కొట్టడం కష్టమైతే మాట్లాడమనండి. గూగుల్ వాయిస్ టైపింగ్‌కి 2017లోనే తెలుగు వచ్చింది. పుల్‌స్టాపులు, పేర్లు సరిగ్గా పడవు, అవి తర్వాత దిద్దుకోవాలి. కానీ కథలు చెప్పే మనిషికి పేజీ నిండడం కనబడితే ఊపు వస్తుంది.

పెంగ్విన్_పక్షపాతి
ఎవరూ అడగలేదు గానీ, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేస్తే ఈ వైరస్ భయాలేవీ...

నిద్రలేని_రాత్రులు
వచ్చేశాడండీ! ఇంత ఆలస్యమైందేమిటా అనుకుంటున్నా.

పెంగ్విన్_పక్షపాతి
నవ్వండి, నవ్వండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఇంట్లో పాత కంప్యూటర్‌నే పెద్దవాళ్లకు ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. విండోస్ 11 ఎక్కని మిషన్‌లో మింట్ వేస్తే బ్రౌజర్, రాత, ఫొటోలు అన్నీ నడుస్తాయి. మెనూలు ఏడాదికోసారి తలకిందులు కావు.

కీబోర్డు_కిట్టయ్య
పాత మిషన్ అయితే ఒప్పుకుంటా. కానీ రేపు ఏదైనా ఆగితే పక్కింటివాళ్లు కూడా సాయం చేయగలగాలి. పక్కింటివాళ్లకు మింట్ రాదు. నేర్పేవాళ్లు రోజూ ఏది వాడతారో అదే పెద్దవాళ్లకూ పెట్టడం మంచిది.

అత్తగారి_కోడలు
మీరంతా ఎక్కడికో వెళ్లిపోయారు. మౌస్ దగ్గర ఆగిపోయినవాళ్ల సంగతి చెబుతా. మా అత్తగారు మౌస్‌ని కాస్త వంకరగా పట్టుకునేవారు. పైకి తోస్తే బాణం మూలకు పోయేది. టేబుల్ అంచు వచ్చేస్తే "ఇక చోటు లేదమ్మా" అని ఆగిపోయేవారు. మౌస్‌ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని మనకు తెలుసు, ఆమెకు ఎవరు చెబుతారు? ఎత్తితే బాణం కదలదని చూసి ఎంత ఆశ్చర్యపోయారో. క్లిక్ ఎలా అంటే తలుపు తట్టినట్టు టక్‌టక్ అనమన్నాను, మణికట్టు టేబుల్ మీద ఆనించి, వేలు ఒక్కటే కదిపి. తర్వాత పేకాట పెట్టాను. సాలిటెయిర్. అంతే, మౌస్ పాఠం అయిపోయింది.

సున్నా_ఒకటి
1990లో విండోస్ 3.0తో సాలిటెయిర్ ఇచ్చిందే జనానికి పట్టుకుని లాగడం అలవాటు చేయడానికని చెబుతారు. మీ అత్తగారు అసలు సిలబస్‌లోనే చదివారు.

అత్తగారి_కోడలు
ఇప్పుడు సిలబస్ పూర్తయినా క్లాసు వదలడం లేదు. ఆట మధ్యలో ప్రకటనలు వస్తే మాత్రం కంప్యూటర్‌ని పేరు పెట్టి తిడతారు.

కీబోర్డు_కిట్టయ్య
లాగుతుంటే బటన్ జారిపోయేవాళ్లకు క్లిక్‌లాక్ అని ఉంది, అదే మౌస్ పేజీలో. కాసేపు నొక్కి వదిలితే పట్టుకునే ఉంటుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. అన్నట్టు ల్యాప్‌టాప్ అయినా సరే, వైరుతో ఉన్న మౌస్ పెట్టండి. టచ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టించకండి.

మేడమీద_గది
ఒక చేదు విషయం చెప్పకపోతే ఈ థ్రెడ్ పూర్తి కాదు. మా అత్తయ్య ఒకరోజు ఏదో వంట వీడియో వెతుకుతుంటే స్క్రీన్ అంతా ఎర్రగా అయి, సైరన్ మోగి, "మీ కంప్యూటర్‌కి వైరస్, మూసేయకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చింది. చేసింది. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, కంప్యూటర్ తన లోపలి సంగతులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అందులో ఎర్ర గుర్తులు చూపించి భయపెట్టాడు. ఆ ఎర్ర గుర్తులు ఏ మంచి కంప్యూటర్‌లో చూసినా ఉంటాయి. తర్వాత మామూలే, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం వేయించడం, బ్యాంకు పేజీ తెరవమనడం. మా బావ సమయానికి ఇంటికొచ్చి వైరు పీకేశాడు కాబట్టి డబ్బు పోలేదు.

మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటే అది మోసమే. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అలాంటి పేజీ స్క్రీన్ నిండా పరుచుకుంటే ఎస్కేప్ కీ నొక్కి పట్టుకోవాలి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాలి. ఏదీ గుర్తు రాకపోతే పవర్ బటన్ పట్టుకుని ఆపేయడమే. రాసుకున్నది పోతే పోయింది.

నిద్రలేని_రాత్రులు
దీనికి తోడు నోటిఫికేషన్ల బెడద. ఏ సైట్‌కి వెళ్లినా "అనుమతించు" అని అడుగుతుంది, పెద్దవాళ్లు మర్యాదకు ఒప్పేసుకుంటారు. ఇక మూలనుంచి రోజంతా దొంగ వైరస్ సందేశాలే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు అడగడమే ఆపేయండి. మంచి యాడ్ బ్లాకర్ ఒకటి వేయండి. మాకు వచ్చే కాల్స్‌లో సగం భయాలు ఈ రెండింటివే.

పెంగ్విన్_పక్షపాతి
అడ్మినిస్ట్రేటర్ ఖాతా మీరు ఉంచుకుని వాళ్లకు మామూలు ఖాతా ఇవ్వండి. పాస్‌వర్డ్ లేకుండా చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కావు. ఇది విండోస్ మనిషికి కూడా చెబుతున్నా, గమనించండి.

చుక్కలముగ్గు
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. పెట్టండి, కానీ చెప్పి పెట్టండి. మా మామగారికి ఆయన పెద్దబ్బాయి చెప్పకుండా తాళాలు వేశాడు. ఏదో ఫాంట్ వేసుకోబోతే పాస్‌వర్డ్ అడిగింది. "నా ఇంట్లో నా వస్తువుకి నన్ను అనుమతి అడగమంటున్నాడు" అని నెల్లాళ్లు ముట్టుకోలేదు. ఆయన పిల్లవాడు కాదు కదా.

మేడమీద_గది
అభిమానం అంటూ కూర్చుంటే బ్యాంకు ఖాళీ అవుతుంది.

చుక్కలముగ్గు
తాళం వద్దని నేను అనలేదండీ. "ఇది దొంగల కోసం, పాస్‌వర్డ్ ఇదుగో, ఏదైనా వేసేముందు నాకు ఒక ఫోన్ కొట్టండి" అంటే ఆయనే సరేననేవారు. మొన్న అలాగే చెప్పి మార్చాం, ఇప్పుడు ఫోన్ కొడుతున్నారు.

రిటైర్డ్_టైపిస్టు
చుక్కలముగ్గుగారికి నా ఓటు.

ట్యాబ్లెట్_టక్కరి
దూరంగా ఉండే పిల్లలు ఎలా సాయం చేయాలి? ఫోన్‌లో "ఇప్పుడేం కనిపిస్తోంది?" అంటే "అన్నీ కనిపిస్తున్నాయి" అంటారు.

కీబోర్డు_కిట్టయ్య
హహ, ఆ జవాబు అన్ని ఇళ్లలోనూ ఒకటే. దూరం నుంచే వాళ్ల స్క్రీన్ చూసి సాయం చేయడానికి విండోస్‌లో క్విక్ అసిస్ట్ ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. మీ వైపు నుంచి వచ్చిన కోడ్ వాళ్లు కొట్టాలి, తర్వాత వాళ్లే అనుమతి ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా సాయం చేసేవాళ్లకు ఉంటే సరిపోతుంది. అయితే మోసగాళ్లు వాడేదీ ఇలాంటివే. "కోడ్ కొట్టమని మేమే ముందు ఫోన్ చేస్తాం, ఇంకెవరు అడిగినా పెట్టేయండి" అని గట్టిగా చెప్పుకోవాలి. కలిపాక కూడా మీరు చకచకా చేసేయకండి. బాణంతో చోటు చూపించి, నొక్కడం వాళ్లకు వదిలేయండి.

పాతసంచిక
నోట్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు రాసిచ్చిన కాగితం పనికిరాదు, వాళ్లే రాసుకోవాలి, వాళ్ల మాటల్లో. మా పిన్ని పుస్తకంలో బ్రౌజర్‌కి "రంగుల చక్రం" అని ఉంటుంది. అది ఆమెకు అర్థమైతే చాలు.

సున్నా_ఒకటి
నోట్సుతో చిక్కు ఏమిటంటే, "పై నుంచి మూడోది నొక్కు" అని రాసుకుంటారు, అప్‌డేట్ వచ్చి అది ఐదోది అవుతుంది. చోటు రాసుకోవద్దు, బొమ్మా పేరూ రాసుకోమనండి.

అత్తగారి_కోడలు
పాస్‌వర్డులు కూడా అదే పుస్తకంలో రాసుకోవచ్చా? మా ఆయన ఒప్పుకోవడం లేదు.

నిద్రలేని_రాత్రులు
రాసుకోవచ్చు. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఇంటర్నెట్ దొంగ చదవలేడు. గుర్తుండాలని అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం అంతకంటే ప్రమాదం. స్క్రీన్‌కి అంటించకండి, పర్సులో తిప్పకండి, అంతే. మూడు నెలలకోసారి మార్చాలనే పాత నియమం కూడా అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఊరికే గడువు పెట్టి మార్పించవద్దంది. బయటపడిందని అనుమానం వస్తే అప్పుడు మార్చాలి. మీ ఆయనకి ఈ పోస్టు చూపించండి.

గాలిపటం
చాలా ఉపయోగపడింది. డబుల్ క్లిక్ వేగం తగ్గించాను, అక్షరాలు 150 చేశాను. కానీ ఆయన ఓ పది నిమిషాలు కూర్చుంటే మెడ నొప్పంటున్నారు. కుర్చీ బాగానే ఉంది మరి.

చుక్కలముగ్గు
కళ్లద్దాలు ఏవి? కింద దగ్గరి చూపు, పైన దూరం చూపు ఉన్నవేనా?

గాలిపటం
అవును, ప్రోగ్రెసివ్.

చుక్కలముగ్గు
అదే కారణం కావచ్చు. అద్దం కింది భాగంలోంచి స్క్రీన్ చూడాలని గడ్డం పైకెత్తి కూర్చుంటున్నారేమో పక్కనుంచి గమనించండి. స్క్రీన్‌ని బాగా కిందికి దించి, కాస్త వెనక్కి వాల్చండి. స్టాండ్ దిగకపోతే కింద పెట్టిన పుస్తకాలేమైనా ఉంటే తీసేయండి. ఎక్కువసేపు రాసేలా ఉంటే కంటి డాక్టర్ని కంప్యూటర్ దూరానికి విడిగా అద్దాలు అడగండి. స్క్రీన్ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలుచుకుని వెళ్లండి, వాళ్లు ముందు అడిగేది అదే.

ఎలుకబోను
ఆయన ఎడమచేతి వాటమైతే అదీ చెప్పండి. మౌస్ బటన్లు తారుమారు చేసే ఏర్పాటు ఉంది.

గాలిపటం
కుడిచేతి వాటమే. స్క్రీన్ ఇప్పుడే దించుతున్నా.